ఒకే ఏడాదిలో మారిన జీతాల లెక్క: మిర్యాలగూడ, నల్లగొండలలో నా అనుభవం

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు, నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి జీతాల లెక్కలు చూస్తాను. నెల తిరిగేసరికి చేయవలసిన పనులు రెండు చోట్లా ఒకే వరుసలో వస్తాయి. జీతాల్లో పట్టుకున్న ఆదాయపు పన్నును 7వ తేదీలోగా జమ చేయాలి, వృత్తి పన్నును 10వ తేదీలోగా కట్టాలి, పీఎఫ్, ఈఎస్ఐ చందాలను 15వ తేదీలోగా చెల్లించాలి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఈ వరుసలో మార్పు సోకనిది వృత్తి పన్ను ఒక్కటే. జీతం 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ ఇదే లెక్క. నెల మొత్తంలో నేను నిశ్చింతగా వేసే చలానా అదొక్కటే.

ఏప్రిల్‌లో మొదట మారినవి ఆదాయపు పన్ను శ్లాబులు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేకుండా, అక్కడి నుంచి ప్రతి 4 లక్షలకు 5 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటిన మొత్తంపై 30 శాతానికి చేరే వరుసను 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటనివారికి 60,000 రూపాయల దాకా రిబేటు, అంటే పన్నులో మాఫీ, ఇచ్చారు. జీతం తీసుకునేవారికి రసీదులేవీ లేకుండా జీతంలోంచి తీసేసే 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంటుంది కాబట్టి 12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు. ఎక్సెల్ షీటులో ఈ అంకెలు మార్చడం ఒక పూట పని. మిల్లులో ఆ స్థాయి జీతాలు లేవు గనుక అక్కడ ఈ మార్పు వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రిలో మాత్రం అంకెలు మార్చడం కంటే వాటిని వివరించడానికే ఎక్కువ సమయం పట్టింది.

ఏడాదికి 13 లక్షల జీతం ఉన్న ఒక డ్యూటీ డాక్టరు జీతం చీటీ పట్టుకొని వచ్చి, "పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్నరు గద సార్, మరి నాకెందుకు పట్టిన్రు?" అని అడిగారు. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే ఆయన ఆదాయం 12,25,000. శ్లాబుల ప్రకారం పన్ను 63,750 అవుతుంది. అయితే 12 లక్షలకు పైన ఉన్న ఆదాయం 25,000 మాత్రమే కాబట్టి, పన్ను అంతకు మించకుండా చట్టంలోనే ఊరట ఉంది. ఆ 25,000కు 4 శాతం సెస్సు కలిపితే 26,000. అదే జీతానికి అంతకు ముందు ఏడాది శ్లాబులతో 88,400 కట్టవలసి వచ్చేది. ఆయన వెంటనే సంతృప్తి పడ్డారని చెప్పను కానీ, రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ప్రతి డాక్టరుకూ, సీనియర్ నర్సులకూ పాత విధానం లెక్క, కొత్త విధానం లెక్క ఒకే కాగితంపై వేసి ఇచ్చి, ఏది కావాలో రాయించి సంతకం తీసుకుంటున్నాను.

ఈ సంతకం లేకపోతే ఏం జరుగుతుందో వెనుకటి ఏళ్లలో చూశాను. ఉద్యోగి ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుందన్న నియమం 2023-24 నుంచి ఉన్నా, ఫిబ్రవరి రాగానే ఎల్ఐసీ రసీదులు, పిల్లల ఫీజు రసీదులు కవరులో పెట్టి తెచ్చే అలవాటు చాలామందికి పోలేదు. కొత్త విధానంలో వాటికి చోటు లేదని అప్పుడు చెబితే, ఆ ప్రీమియం డబ్బు నేనే పోగొట్టినట్టు చూసేవారు. పాత విధానం కోరుకునేవారికి ఇంటి అద్దె మినహాయింపు మరో చిక్కు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. నల్లగొండలో అద్దె పుచ్చుకునే చేత్తో పాన్ కూడా ఇచ్చే యజమానులు అరుదు. ఇద్దరు ముగ్గురు ఆ కారణంగానే కొత్త విధానానికి వచ్చేశారు.

మిల్లు సంగతి పూర్తిగా వేరు. మిర్యాలగూడ మిల్లులు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ధాన్యం మీద నడుస్తాయి. వానాకాలం పంట రాకముందే కొత్త మనుషులను మస్టరులోకి తీసుకుంటారు, వారిలో బీహార్ నుంచి వచ్చేవారు ఎక్కువ. ఇంతకు ముందు వారి ఆధార్ కార్డులు తెప్పించుకొని, యజమాని లాగిన్‌లో నేనే కూర్చొని యూఏఎన్ నంబర్లు, అంటే ఉద్యోగం మారినా మారకుండా ఉండవలసిన పీఎఫ్ నంబర్లు, తీసేవాడిని. 2025 ఆగస్టు 1 నుంచి ఆ పద్ధతి పోయింది. కార్మికుడే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ఆధార్ నంబరు ఇచ్చి, ఆధార్‌కు జతచేసిన మొబైల్‌కు వచ్చే ఓటీపీ కొట్టి, కెమెరాకు ముఖం చూపితేనే నంబరు వస్తుంది. మార్పు ఉద్దేశంతో నాకు పేచీ లేదు. ఒకే మనిషికి ఒక్కో మిల్లులో ఒక్కో నంబరు పుట్టి, ఏళ్ల తరబడి దాచిన డబ్బు ముక్కలుగా మిగిలిపోవడం నేను చూశాను. ఆపరేటర్ కంప్యూటరులో ఒక అక్షరం తప్పు కొడితే దాన్ని సరిచేయించుకోవడానికి ఆ కార్మికుడు ఎంత తిరగాలో కూడా తెలుసు.

చిక్కంతా ఓటీపీ దగ్గరే వచ్చింది. చాలామంది ఆధార్‌కు జతచేసిన నంబరు వారి చేతిలోని ఫోనుది కాదు. ఊళ్లో తమ్ముడిదో, తండ్రిదో, ఎప్పుడో వదిలేసిన పాత సిమ్ముదో. తమ్ముడి నంబరైతే అతను పొలంలో లేని వేళ చూసి ఫోను చేయించి, ఓటీపీ చదివించుకొని, గడువు తీరేలోగా కొట్టేవాళ్లం. సిమ్ము పోయినవారిని మాత్రం ఆధార్ కేంద్రానికి పంపక తప్పలేదు. అక్కడ నంబరు మార్చడానికి వేలిముద్ర అడిగేవారు. ఏళ్ల తరబడి బస్తాలు మోసిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి, వేలు పెట్టినన్ని సార్లూ యంత్రం కాదంటుంది. ఆ మాటకొస్తే ముఖం చూపే పద్ధతి వీళ్లకు మేలే చేసింది, ముందు ఆ మొబైల్ అడ్డంకి దాటగలిగితే. యాప్ తనిఖీకి వెలుతురు బాగుండాలి, మిల్లు లోపల పొట్టు దుమ్ములో అది కుదరలేదు. పొద్దున లారీల లోడింగు మొదలు కాకముందు ఆఫీసు వరండాలో ఒక్కొక్కరినీ నిలబెట్టి ఈ పని ముగించాను. మిల్లు సేటుకు ఇది మొదట దండగ పనిలా కనిపించింది. యూఏఎన్ లేని మనిషి పేరు రిటర్నులో చేరదని, చేరకపోతే ఆ నెల చందా ఆలస్యమై దానిపై వడ్డీ, జరిమానా పడతాయని చెప్పాక వరండాలో ఒక మంచి లైటు పెట్టించారు.

స్థానికులకు పేర్ల చిక్కు ఎక్కువ. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో అది పూర్తిగా ముందు వస్తుంది, పాన్‌లో చివరకు పోతుంది, బ్యాంకు పాసుబుక్కులో అసలే ఉండదు. పెళ్లయిన నర్సులకైతే రెండు ఇంటిపేర్లు. నాలుగు చోట్లా కంప్యూటరు ఒకదానితో ఒకటి సరిచూసే ఈ రోజుల్లో వీటిలో ఏ తేడా ఉన్నా కేవైసీ ఆగుతుంది. పాన్, ఆధార్ జత కాకపోతే పాన్ చెల్లనిదవుతుంది, అప్పుడు పట్టవలసిన పన్ను రేటు పెరుగుతుంది. నా దగ్గర ఇప్పుడు జీతాల షీటుకు ముందు ఒక పేర్ల షీటు ఉంది: ఆధార్‌లో ఎలా ఉందో, పాన్‌లో ఎలా ఉందో, బ్యాంకులో ఎలా ఉందో, యూఏఎన్‌లో ఎలా ఉందో. కొత్త మనిషి చేరిన రోజే ఆ నాలుగూ నింపకుండా మస్టరులో పేరు ఎక్కించను. ఏడాదంతా మారిన నియమాల్లో నాకు ఎక్కువ పని పెట్టినవి శాతాలు కావు, ఈ పేర్లే.

ఈ సర్దుబాటు పూర్తయ్యేసరికి పీఎఫ్ రిటర్ను తీరే మారింది. 2025 సెప్టెంబరు జీతాల నుంచి కొత్త ఈసీఆర్, అంటే నెలనెలా వేసే పీఎఫ్ రిటర్ను, వచ్చింది. ఫైలు రూపం అదే, హ్యాష్, టిల్డ్ గుర్తులతో విడదీసిన పాత టెక్స్ట్ ఫైలే. మారింది పని నడిచే క్రమం: ముందు రిటర్ను దాఖలు చేసి ఆమోదించాలి, చెల్లింపు దాని తరువాత వేరుగా. మామూలు రిటర్ను, వదిలిపోయిన వారికి అనుబంధ రిటర్ను, తప్పు దిద్దడానికి సవరణ రిటర్ను అని మూడు రకాలు వచ్చాయి. దసరా అడ్వాన్సుల లెక్కలు తేలకముందే, ధాన్యం ట్రాక్టర్లు గేటు దగ్గర బారులు తీరే వేళకు ఇది వచ్చిపడింది. గడువును ఆ నెలకు అక్టోబరు 22 వరకు పొడిగించారు గనుక ఊపిరి తీసుకోగలిగాను. ఆసుపత్రి మనుషులు స్థిరంగా ఉంటారు కాబట్టి వారి రిటర్ను ముందు వేసి పద్ధతి తెలుసుకొని, తరువాత మిల్లుది వేశాను. తనిఖీలు గట్టిపడ్డాయని విని పెన్షన్ వరుస ముందే పరిశీలించాను. 2014 సెప్టెంబరు 1 తరువాత 15,000కు మించిన వేతనంతో మొదటిసారి చేరినవారికి పెన్షన్ పథకం వర్తించదు. వారికి యజమాని వాటా 12 శాతమూ పీఎఫ్‌లోకే పోవాలి. మిగిలినవారికి 15,000 మీద 1,800 వాటాలో 1,250 పెన్షన్‌కు, 550 పీఎఫ్‌కు. అక్టోబరు చివర ఛఠ్ పండుగకు బీహార్ వాళ్లు ఊరు వెళ్లడంతో జీతం లేని రోజుల గడి జాగ్రత్తగా నింపవలసి వచ్చింది. అది మస్టరుతో కలవకపోతే తరువాత ఎవరైనా అడగవచ్చు.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మొత్తం జీతంలో అలవెన్సులు సగానికి మించితే మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలన్నది వాటిలో మా షీటును నేరుగా తాకిన నిబంధన. ఆసుపత్రిలో మూలవేతనం 40 శాతమే ఉండేది. యాజమాన్యం దాన్ని సగానికి పెంచాలని నిర్ణయించింది. 18,000 జీతం ఉన్న నర్సుకు మూలవేతనం 7,200 నుంచి 9,000 అయింది, పీఎఫ్ కోత 864 నుంచి 1,080 అయింది. చేతికి 216 రూపాయలు తగ్గుతాయి, అంతే మొత్తం యజమాని వాటాగా ఆమె పేరున పీఎఫ్, పెన్షన్‌లలో అదనంగా పడుతుంది. ఇరవై ఏళ్ల వయసు వారికి ఈ రెండో మాట అంతగా ఎక్కదు, ఎక్కాలని నేను పట్టుబట్టనూ లేదు. ఉద్యోగం మానినవారికి రెండు పని దినాల్లో లెక్క తేల్చి డబ్బు ఇవ్వాలన్న నియమం మాత్రం నా పనిని నిజంగా మార్చింది. నెలాఖరు వరకు ఆగే వీలు లేదు కాబట్టి సెలవులు, అడ్వాన్సులు వారం వారం రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. జీతాలపై పన్ను పట్టే 192 సెక్షన్ ఇకపై 392. అయినా 2025-26 చివరి త్రైమాసికం 24క్యూ (జీతాలపై పట్టిన పన్ను రిటర్ను) పాత చట్టం కిందే 2026 మే 31లోగా వేయాలి, ప్రతి ఉద్యోగి ఏడాది లెక్కా, ఎంచుకున్న విధానమూ అందులోనే పోతాయి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. పట్టిన పన్నుకు ఉద్యోగికిచ్చే ధ్రువపత్రం ఫారం 16 జూన్ 15లోగా ఇవ్వాలి. అంటే కొన్ని నెలల పాటు ఒకే బల్ల మీద రెండు చట్టాలు. వీటిలో నేను అందరికంటే ముందు జాగ్రత్తపడింది ఒక అంకె గురించి. పాత చట్టంలో 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే పన్ను లెక్క తేల్చే మరుసటి ఏడాది, 2026-27. కొత్త చట్టంలో అసెస్‌మెంట్ సంవత్సరం అన్నదే లేదు, ఆదాయం వచ్చిన ఏడాదినే చెప్పే పన్ను సంవత్సరం ఒక్కటే ఉంది. 2026 ఏప్రిల్ నుంచి ఇచ్చే జీతాలకు అదీ 2026-27. ఒకే 2026-27, వేర్వేరు రెండు ఏళ్ల ఆదాయాలు. అందుకని మా చలానా రిజిస్టరులో సంవత్సరం గడి పక్కన ఏ నెల జీతం, ఏ చట్టం అని రెండు గడులు కొత్తగా గీయించాను, అవి నింపనిదే చెల్లింపు కాగితం క్యాషియరు దగ్గరికి పోదు.