పాత బస్సు ఖరారైంది: ఇంజన్‌లో ఇంకెంత ప్రాణం ఉందో చూసిన పద్ధతి

బస్సు ఖరారైంది. టాటా 1512, 2012 మోడల్, కమిన్స్ ఇంజన్, మొన్నటిదాకా విజయవాడ పక్కన ఒక కాలేజీ పిల్లల్ని తిప్పిన బండి. సీట్లు తీసేసి మంచాలు, వంటగట్టు పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఊళ్ళు తిరగాలన్నది మా ప్లాను. లోపలి పని సంగతి తర్వాత రాస్తాను, ఈసారి అంతా ఇంజన్ గురించే. బాడీ ఎలా ఉన్నా మన ఆటోనగర్‌లో రేకు పని చేసేవాళ్ళు వీధికి పది మంది ఉన్నారు, కానీ ఇంజన్ దగ్గర తేడా కొడితే బండి ధరలో సగం మళ్ళీ పెట్టుకోవాలి.

మొదట అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. పాత బస్సులో మీటరు పనిచేయడమే అరుదు, పనిచేసినా అది ఎప్పుడు మార్చిందో తెలియదు. నేను దానికంటే కాల్చిన డీజిల్ లెక్క వేసుకుంటాను, ఇంజన్ అరుగుదలకి అది దగ్గరగా ఉంటుంది. కాలేజీ బస్సు రోజుకి 60 కిలోమీటర్లు, ఏడాదికి 220 రోజులు తిరిగిందనుకుంటే పన్నెండేళ్ళకి 1.6 లక్షల కిలోమీటర్లు కూడా దాటదు. లీటరుకి 5 కిలోమీటర్ల చొప్పున 32 వేల లీటర్లు. అదే వయసున్న ట్రావెల్స్ బస్సు రోజుకి 300, ఏడాదికి 300 రోజులు అంటే 10.8 లక్షల కిలోమీటర్లు, లీటరుకి 4.5 వేసుకున్నా 2.4 లక్షల లీటర్లు. రెండూ 2012 మోడలే, బ్రోకరు రెండింటికీ ఇంచుమించు ఒకే రేటు చెబుతాడు. కాలేజీ బండికి ఐడ్లింగ్ కూడా కలుపుకోవాలి. గేటు ముందు ఇంజన్ ఆపకుండా నిలబెడితే గంటకి సుమారు రెండు లీటర్లు పోతుంది, అది కిలోమీటర్లలో కనపడదు. అన్నీ కలిపినా ట్రావెల్స్ బండికి దరిదాపుల్లోకి రాదు. పైగా ఆంధ్రలో విద్యాసంస్థల బస్సులు పదిహేనేళ్ళు దాటాక తిప్పకూడదు కాబట్టి ఆ గడువు దగ్గరపడుతున్న బండ్లు అమ్మకానికి బాగానే వస్తాయి.

ఆర్టీసీ వేలంలో ఎందుకు కొనలేదని కొందరు అడిగారు. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, ఆర్టీసీ బస్సులు కూడా అందులోకే వస్తాయి, అవి తుక్కుకే. పదిహేనేళ్ళు నిండకముందే తీసేసిన బండి దొరికినా, డిపోల్లో ఇంజన్ దించి వర్క్‌షాప్ నుంచి వచ్చిన ఇంకో ఇంజన్ ఎక్కిస్తుంటారు కాబట్టి బండి వయసుకీ ఇంజన్ వయసుకీ సంబంధం ఉండదు. అందుకే ఏ బండి దగ్గరికి వెళ్ళినా బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ మొండెం) మీద ఇంజన్ నంబరు గుడ్డతో తుడిచి ఆర్‌సీతో సరిపోల్చడం నా మొదటి పని. సరిపోలకపోతే ఇంజన్ సంగతి తర్వాత, ఆర్టీఓ ఆఫీసులో పని ఆగిపోతుంది.

గుంటూరులో ముందు ఒక లేలాండ్ వైకింగ్ బస్సు చూశాం. జపాన్ కంపెనీ హినో డిజైన్ చేసిన ఆరు సిలిండర్ల ఇంజన్. నాకు చాలా ఇష్టమైన ఇంజన్ ఇది, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, లైనర్లు (పిస్టన్ తిరిగే, మార్చుకోగలిగే గొట్టాలు) ఉంటాయి కాబట్టి పని వచ్చినప్పుడు లైనరూ పిస్టనూ రింగులూ కిట్‌గా తెచ్చి వేసుకోవచ్చు. కానీ ఆ బండి నచ్చలేదు. ఇంజన్‌కి కొత్త పెయింటు, సంపు (కింద ఆయిల్ నిలిచే తొట్టి) చుట్టూ ఎర్ర సీలెంటు పిసికినట్టు బయటికి వచ్చి ఉంది. "ఫుల్ ఇంజన్ పని చేయించామండీ" అన్నారు. సంతోషం, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ ఏ సైజుకి వెళ్ళింది, లేత్ షాపు బిల్లు ఉందా అంటే లేదన్నారు. నిజంగా పని చేయించిన ఓనరుకి ఆ సైజు నోటి మీద ఉంటుంది, ఎందుకంటే బేరింగులు కొన్నది ఆ సైజు చెప్పే కదా. అరిగిన లైనర్లలో కొత్త రింగులు మాత్రం వేసి అమ్మకానికి పెట్టిన బండి కొన్ని నెలలు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత కొన్నవాడి నెత్తిన పడుతుంది. మేం వెళ్ళేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది. పొద్దున్నే వస్తాం, సెల్ఫ్ కొట్టకుండా ఉంచండి అని ముందే చెప్పాం, అయినా స్టార్ట్ చేసి ఉంచారు. ఆ ఒక్క కారణం చాలు నాకు, వెనక్కి వచ్చేశాం.

చల్లటి స్టార్టింగ్ ఎందుకంత ముఖ్యం అంటే, ఇలాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్ ఇంజన్ మన వాతావరణంలో ఏ సాయమూ లేకుండా ఒకటి రెండు తిప్పుళ్ళలో అందుకోవాలి. బ్యాటరీలు బాగుండి కూడా చాలాసేపు తిప్పాల్సి వచ్చి, తెల్లటి పొగ ఘాటుగా వచ్చి, వేడెక్కాక పోతోందంటే కంప్రెషన్ తక్కువైనా ఉండాలి, డీజిల్ పంపు టైమింగ్ వెనకబడైనా ఉండాలి. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ రేడియేటర్ నీళ్ళు తగ్గుతుంటే హెడ్డు గ్యాస్కెట్టో హెడ్డు పగులో చూసుకోవాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగకి మాత్రం నేను భయపడను, చాలాసార్లు అది నాజిల్సు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి), ఎయిర్ ఫిల్టరు, టర్బో పైపు లీకు దగ్గరే తేలిపోతుంది, ఇంజన్ దించే పని కాదు.

ఇక మా కాలేజీ బస్సు. బండి యార్డులో ఉంది, బ్లాకు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, తెల్లపొగ నిమిషంలో పోయింది. అంతా బాగుందనుకుంటుండగా బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి పొగ ఆవిరిలా ఉబికి ఉబికి వస్తోంది. ఆయిల్ పోసే మూత తీసి తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెడితే ఎగిరి పడింది. అక్కడున్న మెకానిక్ ఒకాయన "బోరు పోయిందండీ, ఇంజన్ దించాల్సిందే" అనేశాడు, అంటే సిలిండర్లు అరిగి కాలిన గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి దిగుతోందని. చాలామంది ఇక్కడితో తీర్పు చెప్పేసి వెళ్ళిపోతారు. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

క్రాంక్‌కేసులోకి (పిస్టన్ల కింద, క్రాంకు ఉండే భాగం) గాలి రావడానికి పిస్టన్ రింగులు ఒక్కటే దారి కాదు. టర్బో సీలు పోతే అక్కడి నుంచి వస్తుంది. ఎయిర్ బ్రేకు కంప్రెసర్ ఇంజన్ గేర్లతోనే తిరుగుతుంది, ఇంజన్ ఆయిలే దానికీ వెళ్తుంది, దాని కింది భాగం ఇంజన్ లోపలికే తెరుచుకుని ఉంటుంది. దాని రింగులు అరిగితే అది కొట్టే గాలి నేరుగా ఇంజన్‌లోకి దిగి బ్రీదర్ నుంచి బయటికి వస్తుంది. నాతో వచ్చిన మా మెకానిక్ బాబాయ్ ముప్పై ఏళ్ళుగా గుంటూరు ఆటోనగర్‌లో పని చేస్తున్నాడు. "ఆగరా అబ్బాయ్, ముందు గాలి ట్యాంకులు ఖాళీ చెయ్" అన్నాడు. చక్రాలకి అడ్డంగా రాళ్ళు పెట్టి ట్యాంకుల కింద డ్రెయిన్లు తెరిచాం. నల్లటి ఆయిల్ కలిసిన నీళ్ళు వచ్చాయి, అదే మొదటి సాక్ష్యం. డ్రెయిన్లు తెరిచే ఉంచి ఇంజన్ నడిపితే, ఇప్పుడు కంప్రెసర్ ఎదురు ఒత్తిడి లేకుండా ఊరికే తిరుగుతోంది కాబట్టి, బ్రీదర్ పొగ ఒక్కసారిగా తగ్గిపోయింది. మూత మళ్ళీ తలకిందులుగా పెట్టాం, కదిలింది కానీ పడలేదు. టర్బో ఇన్‌లెట్ పైపు తీసి షాఫ్టు పట్టుకుని ఊపితే పక్కకి కొద్దిగా కదిలింది, అది మామూలే, ముందుకీ వెనక్కీ కదలలేదు, చక్రం కేసింగ్‌కి తగిలిన గుర్తులూ లేవు.

అయినా నమ్మకం కోసం మిగతావి కూడా చూశాం. బాబాయ్‌ని క్లచ్ తొక్కమని నేను కింద పడుకుని క్రాంకు పుల్లీ చూశాను. ఊళ్ళో తిరిగే బస్సుల్లో డ్రైవర్లు క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతారు, దాంతో క్రాంకుని ముందుకీ వెనక్కీ జరగనీయని థ్రస్ట్ బేరింగులు అరిగి, తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకి జరగడం కంటికే తెలుస్తుంది. ఇందులో జరగలేదు. ఐడ్లింగ్‌లో నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి ఆ సిలిండరు ఆపితే ప్రతిసారీ ఇంజన్ శబ్దం మారాలి, మారకపోతే ఆ సిలిండరు పని చేయనట్టు. ఏదైనా కొట్టుడు శబ్దం ఉండి, ఫలానా సిలిండరు ఆపినప్పుడు మెత్తబడితే అక్కడి బేరింగు అనుమానించాలి. ఈ పని చేసేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకుని చెయ్యి దూరంగా ఉంచండి, ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది, అది చాలా ప్రమాదం.

ఆయిల్ ప్రెషర్ డాష్‌బోర్డు గేజి చూసి నమ్మను. డాష్‌బోర్డుకి ప్రెషర్ పంపే సెండర్ తీసి ఆ చోట మెకానికల్ గేజి బిగించుకుని మిట్టమధ్యాహ్నం హైవే మీద కాజ టోల్ దాటి చిలకలూరిపేట దాకా వెళ్ళి వచ్చాం. ఆయిల్ పూర్తిగా కాగాక చూసిందే లెక్క, పొద్దున చల్లగా ఉన్నప్పుడు అరిగిన ఇంజన్ కూడా బ్రహ్మాండమైన ప్రెషర్ చూపిస్తుంది. ఈ కమిన్స్ 5.9 ఇంజన్‌కి కంపెనీ చెప్పే కనీసం ఐడ్లింగ్‌లో 0.7 బార్, ఫుల్ స్పీడులో 2.1 బార్. మాకు ఐడ్లింగ్‌లో ఒకటిన్నర దగ్గర, పైన మూడున్నర దాకా వచ్చింది. అమ్మేవాళ్ళు ప్రెషర్ కోసం చిక్కటి ఆయిల్ పోస్తారు కాబట్టి డిప్ స్టిక్ మీది ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది చూడండి, అప్పుడే పోసిన తేనె రంగు ఆయిల్ అయితే అనుమానించాల్సిందే. ఇందులో ఉన్నది నల్లటి పాత ఆయిలే, నాకు అదే నచ్చింది, ఎందుకంటే అందులో చరిత్ర ఉంటుంది. ఆ వేడి మీదే కొంచెం సీసాలోకి తీసి ల్యాబ్‌కి పంపాను, ఫిల్టరు కోసి మడతలు విప్పి చూశాం, మెరుపు ముక్కలేమీ లేవు. రిపోర్టులో సిలికాన్ తక్కువ ఉంది, అంటే దుమ్ము లోపలికి పోలేదు, ఎయిర్ ఫిల్టరూ గొట్టాలూ సరిగ్గా ఉన్నట్టు. సీసం, రాగి కూడా తక్కువే, అవి పెరిగితే బేరింగుల అరుగుదల. సోడియం లేదు, కూలెంట్ కలవలేదు. ఇనుము కాస్త ఎక్కువుంది, అరిగిన కంప్రెసర్ వల్ల కావచ్చు.

చివరగా కోటప్పకొండ ఘాట్ ఎక్కించాం. ఖాళీ బండి కాబట్టి కావాలనే పై గేర్‌లో ఎక్కించి లోడు ఇచ్చాం, నీళ్ళ వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది.

కంప్రెషన్ టెస్టుకి (ఒక్కో సిలిండరు గాలిని ఎంత ఒత్తుతోందో కొలవడం) కాలేజీ వాళ్ళు ఒప్పుకోవడం నిజంగా వాళ్ళ మంచితనం, అడ్వాన్సు ఇచ్చాకే అనుకోండి. నాజిల్సు తీసి, ఇంజన్ గోరువెచ్చగా ఉండగా, ఫుల్ ఛార్జ్ బ్యాటరీలతో, డీజిల్ గేజి పెట్టి చూశాం. పెట్రోలు గేజి పనికిరాదు, పగిలిపోతుంది. ఆరూ 26 నుంచి 28 బార్ మధ్య వచ్చాయి. ఇక్కడ అంకె కంటే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ముఖ్యం, పది శాతం లోపు ఉంటే నిశ్చింత. పెట్రోలు బండ్లలో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్ళీ కొలవడం డీజిల్‌లో వద్దు, పిస్టన్ పైన చోటు చాలా తక్కువ కాబట్టి ఆ ఆయిలే అంకెని పెంచేస్తుంది, ఎక్కువైతే ఇంజన్ బిగుసుకుపోతుంది కూడా. నాజిల్సు తిరిగి పెట్టేటప్పుడు రాగి వాషర్లు కొత్తవే వేయాలి.

ఈ ఇంజన్‌కి లైనర్లు లేవన్నది కొనేవాళ్ళు తెలుసుకోవాలి. 102 మిల్లీమీటర్ల బోరు (పిస్టన్ తిరిగే రంధ్రం) బ్లాకులోనే ఉంటుంది, ఓవర్‌హాల్ అంటే ఇంజన్ దించి బోరింగ్ షాపుకి పంపి 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజుకి, ఆ తర్వాత 1.00కి తీయించాలి, అదీ అయిపోతే స్లీవులు. కాబట్టి ఇదివరకు పని జరిగిందా, ఇప్పుడు ఏ సైజులో ఉందన్నది ధరని నేరుగా మార్చే విషయం. మాది ఫ్యాక్టరీ నుంచి వచ్చాక విప్పలేదని కాలేజీ మెయింటెనెన్స్ రిజిస్టరులో ఉంది, హెడ్డు బోల్టుల మీద స్పానర్ గుర్తులు లేకపోవడమూ దానికి సరిపోయింది.

ధర దగ్గర కంప్రెసర్ సంగతి కాలేజీ ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంజన్ పోయిందని వాళ్ళు అప్పటికే తగ్గించి పెట్టిన రేటు మీద బేరం ఆడడం నాకు ఇష్టం లేదు. కంప్రెసర్, నాజిల్సు, రెండు టైర్లు, ఈ మూడింటి ఖర్చు మాత్రం తగ్గించమన్నాను, ఒప్పుకున్నారు.

ఇప్పటిదాకా అయిన పని: కంప్రెసర్ విప్పి కొత్త రింగులు వేయించాం, హెడ్డు ప్లేటు మార్చాం, ట్యాంకులు కడిగించాం. బ్రీదర్ ఇప్పుడు చెయ్యి అడ్డం పెడితే గానీ గాలి తెలియడం లేదు. నాజిల్సు పంపు షాపులో ప్రెషర్ సెట్ చేయించాం. వాల్వు క్లియరెన్సులు చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లకి పెట్టాం. బోరుబావి నీళ్ళ తుప్పుతో ఎర్రగా ఉన్న రేడియేటర్ ఖాళీ చేసి కూలెంట్ పోశాం. ఆయిల్ 15డబ్ల్యూ-40, కొత్త ఫిల్టర్లు. ఐదు వేల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఆయిల్ సీసా ల్యాబ్‌కి పంపుతాను, అప్పుడు ఇనుము తగ్గితే కంప్రెసర్ అనుమానం నిజమే, తగ్గకపోతే బోర్‌స్కోపుతో (లోపలికి దూర్చే సన్న కెమెరా) సిలిండర్లు చూడాలి. ఈలోగా సీట్లు తీయకముందే బాడీ మార్పుకి ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి, డ్రాయింగు సిద్ధమవుతోంది.