బోల్టు తల చదవడం వచ్చాకే పానా పట్టాలి

గల్ఫ్‌కు కొత్తగా వచ్చే మన కుర్రాళ్లు బోల్టు చేతికిస్తే మూడు విషయాలు చూస్తారు: సైజు సరిపోయిందా, నట్టు ఎక్కిందా, పానా పట్టిందా. ఊళ్లో మోటారు పంపులు విప్పి బిగించిన చేతులు కనుక ధైర్యానికి కొదవ ఉండదు. ఆ ధైర్యం నాకు ఇష్టమే. కానీ గ్యాస్ ప్లాంటులో సైజు చూడటంతో సగం పని కూడా అవదు. ఒకే లావు, ఒకే పొడవు, ఒకే నీలం పూతతో పక్కపక్కన పడి ఉన్న రెండు స్టడ్‌లలో (తల లేకుండా మరలున్న కడ్డీలు) ఒకటి ప్లాంటు ఉన్నంతకాలం ఉండవచ్చు, రెండోది చెప్పాపెట్టకుండా తెగిపోవచ్చు. ఏది ఏదో చెప్పేది వాటి కొసన కొట్టిన చిన్న ముద్ర ఒక్కటే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు ఏ ఊరికి వెళ్లినా వెల్డరో, ఫిట్టరో, బరువులు ఎత్తించే రిగ్గరో ఒకరు విదేశంలో ఉన్న ఇల్లు కనిపిస్తుంది. నేను ఐటీఐలో ఫిట్టరు చదివి, విశాఖలో కాంట్రాక్టు పనులు చేసి, సౌదీలోని జుబైల్ మీదుగా కతార్‌లోని రాస్ లఫాన్‌కు చేరాను. దోహాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న గ్యాస్ పట్టణం ఇది. పైపు ఫిట్టర్ల గ్యాంగుకు పెద్దగా ఉండటం నా ఉద్యోగం. కొత్తవాళ్లు నా దగ్గరికి వస్తే పానా కంటే ముందు ఒక బోల్టు ఇచ్చి, దాని తల మీద ఏముందో చదవమంటాను.

ఇనుప కట్టడానికి వాడే బోల్టు తల మీద 4.6 అనో, 8.8 అనో, 10.9 అనో ఉంటుంది. చాలామంది దాన్ని కంపెనీ నంబరు అనుకుంటారు. 8.8లో మొదటి 8ని వందతో గుణిస్తే 800. అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దగ్గర ఆ బోల్టు తెగుతుంది. రెండో 8 అర్థం అందులో పదింట ఎనిమిది వంతులు. అంటే 640 దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోతుంది, వదిలినా వెనక్కి రాదు. కుర్రాళ్లకు న్యూటన్లలో చెబితే ఎక్కదు, అందుకని టన్నుల్లో చెబుతాను. ఎమ్20 సైజులో, అంటే 20 మిల్లీమీటర్ల లావులో, 8.8 బోల్టు తెగాలంటే సుమారు 20 టన్నులు లాగాలి. అదే సైజులో 4.6 బోల్టుకు 10 టన్నులు చాలు. రెండూ ఒకే రంధ్రంలో దూరతాయి, రెండింటికీ ఒకే పానా పడుతుంది. పైన ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి పనిచేసేవాడి ప్రాణం మాత్రం ఆ తల మీది అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడివరకు విన్న ప్రతి కుర్రాడూ వేసే ప్రశ్న ఒకటే: అన్నీ 10.9, 12.9 వాడేస్తే గొడవే ఉండదు కదా? నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే. ఉక్కును ఎంత గట్టిపరిస్తే అది అంత పెళుసెక్కుతుంది. గట్టి బోల్టులోకి హైడ్రోజన్ చేరితే, బిగించిన కొన్ని గంటలకో, రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపోతుంది. ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచో రానక్కర్లేదు. జింకు పూత వేసే ముందు యాసిడ్‌తో కడిగినప్పుడే చేరవచ్చు. అందుకే 12.9 బోల్టులకు వేడి జింకు పూత వేయకూడదంటారు. 10.9 కూడా హైడ్రోజన్ చేరకుండా జాగ్రత్తలు పాటించి, ఆ మేరకు కాగితం ఇచ్చిన తయారీదారు దగ్గరే తీసుకోవాలి. తుప్పు పట్టిన గట్టి బోల్టులను సైటులో యాసిడ్ బకెట్‌లో నానబెట్టి మెరిపించేవాళ్లను చూశాను. పొదుపు చేస్తున్నామనే వాళ్ల నమ్మకం. చూసినప్పుడల్లా ఆ బకెట్ పారబోయించాను.

ఫ్లాంజ్‌ల దగ్గర, అంటే రెండు పైపులను కలిపే అంచు పళ్లేల దగ్గర, సంగతి వేరు. అక్కడ తల ఉన్న బోల్టుకు బదులు రెండు కొసలా నట్లు వేసే స్టడ్ వాడతాం. ఒక నట్టు పట్టేసినా రెండో వైపు నుంచి విప్పవచ్చు, కాదంటే కోసి తీసేయవచ్చు. గ్రేడు పేర్లు ఇవి: మామూలు పనికి బి7 స్టడ్, దానికి 2హెచ్ నట్టు. బాగా చల్లగా ఉండే లైన్లకు ఎల్7. పుల్ల గ్యాస్, అంటే కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గ్యాస్ పోయేచోట, పైన ఇన్సులేషన్ కప్పి గాలి ఆడకుండా చేసిన ఫ్లాంజ్‌లకు బి7ఎమ్, దానికి 2హెచ్‌ఎమ్ నట్టు. బి7, బి7ఎమ్ రెండూ క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కే. బి7ఎమ్‌ను ఎక్కువ వేడి దగ్గర టెంపర్ చేసి (మళ్లీ కాచి) కావాలనే మెత్తబరుస్తారు, దాని గట్టిదనం బ్రినెల్ అనే కొలతలో 235 దాటకూడదు. శాశ్వతంగా సాగే హద్దు చదరపు మిల్లీమీటరుకు బి7కి 720 న్యూటన్లయితే బి7ఎమ్‌కు 550. లెక్క ప్రకారం బి7ఎమ్ బలహీనమైనదే. అయినా ఆ విషపు గ్యాస్ తగిలినప్పుడు గట్టి ఉక్కులో పగుళ్లు పుడతాయి, మెత్తనిది తట్టుకుంటుంది.

ఒక షట్‌డౌన్‌లో, అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో, జరిగింది చెబుతాను. కతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో పని నిషేధం. ఆ రోజుల్లో బరువైన పనులన్నీ తెల్లవారుజామునో, రాత్రో పడతాయి. అర్ధరాత్రి, హెల్మెట్ లైటు వెలుగులో, చెమటకు తడిసిన చేతి తొడుగులతో, బి7ఎమ్ వేయాల్సిన పుల్ల గ్యాస్ ఫ్లాంజ్ ఒకటి మూస్తున్నాం. ట్రేలో ఉన్న స్టడ్‌లు రెండు తక్కువ పడ్డాయి. ఇచ్ఛాపురం వైపు కుర్రాడు పక్క గ్యాంగు డబ్బాలోంచి రెండు తెచ్చాడు. సైజు అదే, నీలం పూత అదే. నట్టు కూడా సులువుగా ఎక్కింది.

నేను స్టడ్ కొసను గుడ్డతో తుడిచి లైటు దగ్గర పెట్టి చూశాను. నీలం పూత కింద ముద్ర సగం మూసుకుపోయింది. గోటితో గీకితే బి7 అని తేలింది. చివర ఎమ్ లేదు.

"ఇవి ఇంకా బలమైనవే కదా అన్నయ్యా, పెట్టేద్దాం" అన్నాడు.

"బలం ఎక్కువే బాబూ. అందుకే వద్దంటున్నాను" అన్నాను.

ఫోర్‌మన్‌కు కోపం వచ్చింది. స్టోరు తెరిపించి సరైనవి తెచ్చేసరికి గంట పట్టింది. ఆ గంట గురించి మరునాడు నన్ను పిలిచి అడిగారు కూడా. డ్రాయింగులో బోల్టుల జాబితా చూపించాను, మాట అక్కడితో ఆగింది. ఇలాంటి చోట కాగితం మన పక్షాన నిలబడుతుంది. హిందీ, మలయాళం, నేపాలీ, తగలోగ్ అన్నీ వినిపించే సైటులో ఎవరి భాషతోనూ పనిలేకుండా వాదన గెలిపించేది ఆ జాబితాలోని ఒక్క వరుస. పని ఆపి అడిగే హక్కు హెల్పరుకు కూడా ఉంటుంది, కానీ దేన్ని చూపించి అడగాలో తెలియనివాడు ఆ హక్కును వాడుకోలేడు.

ఇంకొక ప్రమాదం సైజుల కలగాపులగం. ఇక్కడ పైపింగ్ అంతా అమెరికా పద్ధతిలో అంగుళాల్లో ఉంటుంది. యూరప్ నుంచి వచ్చే పంపులు, కంప్రెసర్లు మిల్లీమీటర్లలో ఉంటాయి. రెండూ కలిసేచోట ముప్పావు అంగుళం స్టడ్‌కు ఎమ్20 నట్టు ఎక్కిస్తే చక్కగా, ఆటంకం లేకుండా చివరి దాకా పోతుంది. ఎందుకంటే ఒకదాని మరల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, రెండోదాని మరల మధ్య 2.5. కానీ స్టడ్ లావు 19.05 మాత్రమే, నట్టు 20కి కోసింది. మర లోతులో మూడింట రెండు వంతులే పట్టు దొరుకుతుంది. చేత్తో తిప్పినప్పుడు తెలియదు, బిగించినప్పుడు కూడా ఒక్కోసారి తెలియదు. ఒత్తిడి ఎక్కినప్పుడు మరలు ఒలుచుకుపోతాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ముప్పావు అంగుళం హెవీ రకం నట్టుకు 32 పానా పడుతుంది, మామూలు ఎమ్20 నట్టుకు 30. ఒకే ఫ్లాంజ్ మీద పానా మార్చాల్సి వచ్చిందంటే అక్కడే ఆగి మరల గేజు పెట్టి చూడాలి. ఆ గేజు జేబులో పట్టేంత చిన్నది, ధర ఎక్కువేమీ కాదు. మా గ్యాంగులో ప్రతివాడి దగ్గరా ఒకటి ఉంటుంది.

స్టెయిన్‌లెస్ గురించి కూడా చెప్పాలి. జుబైల్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో పనిచేసినప్పుడు అక్కడంతా ఉప్పు గాలి. ఏ2 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు కొన్నాళ్లకే గోధుమరంగు మచ్చలు తేలేవి. మాలిబ్డినం కలిసిన ఏ4 నిలబడేది. అయితే ఏ4ను గాలి మెషీనుతో జోరుగా బిగిస్తే నట్టూ బోల్టూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మొదట నట్టు కాస్త బరువెక్కుతుంది, తర్వాత కీచుమంటుంది, ఆపైన ముందుకీ పోదు, వెనక్కీ రాదు, గ్రైండరుతో కోయడమే. మరలకు అతుక్కోకుండా చేసే యాంటీ సీజ్ పేస్టు రాసి, చేతి పానాతో నింపాదిగా తిప్పితే ఆ బాధ ఉండదు. తొందరే దీనికి శత్రువు.

పేస్టు మాట వచ్చింది కనుక బిగింపు గురించి ఒక ముక్క. బిగించిన బోల్టు సాగదీసిన స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ సాగుడే ఫ్లాంజ్‌ల మధ్య గ్యాస్ కారకుండా పెట్టే గ్యాస్కెట్‌ను నొక్కి పట్టుకుంటుంది. మనం పానా మీద పెట్టే బలంలో సుమారు పదోవంతే సాగుడుకు పోతుంది, మిగతాదంతా నట్టు కింద, మరల మధ్య రాపిడికి ఖర్చవుతుంది. అందుకే పేస్టు రాసిన స్టడ్‌కు, పొడి స్టడ్‌కు ఒకే టార్క్ (తిప్పే బలం) పెట్టకూడదు. బి7 పట్టికలోని టార్క్‌ను బి7ఎమ్‌కు పెడితే అది హద్దు దాటి సాగిపోవచ్చు. ఎదురెదురుగా, 30 శాతం, 70 శాతం, 100 శాతం అంటూ దశలవారీగా బిగించి, చివర చుట్టూ ఒకసారి తిరిగి సరిచూడాలి. ఇది అందరూ నేర్పుతారు. ఏ పట్టిక తీయాలో మాత్రం ఎవరూ నేర్పరు.

మన దగ్గర శిక్షణ ఇచ్చేవాళ్ల మీద నాకున్న ఫిర్యాదు అదే. విదేశాలకు పంపే ముందు ట్రేడ్ టెస్టులో ఫ్లాంజ్ కలపమంటారు, లెవెల్ చూస్తారు, వెల్డుకు ముందు సందు చూస్తారు. బల్ల మీద ఏవో బోల్టులు ఉంటాయి, వాటితోనే బిగించమంటారు. నాలుగు రకాలు కలిపి పోసి, డ్రాయింగు ఇచ్చి, ఇందులోంచి సరైనవి ఏరు అని అడిగే పరీక్ష నేను ఎక్కడా చూడలేదు. అడిగితే మన కుర్రాళ్లు ఒక్క రోజులో నేర్చుకుంటారు, నాకు ఆ నమ్మకం ఉంది. హెల్పరుగా వచ్చి ముద్రలు చదవడం, పట్టికలు చూడటం నేర్చినవాడిని ఫిట్టరుగా చెయ్యమని నేను పట్టుబట్టి పైకి రాసిన సందర్భాలున్నాయి. జీతం పెరిగిందని అతను ఇంటికి ఫోను చేసుకుంటుంటే నాకు పండగలా ఉండేది.

షట్‌డౌన్ ముగిసినప్పుడు మిగిలిన స్టడ్‌లన్నీ ఒకే డ్రమ్ములో పోయడం చాలా సైట్లలో అలవాటు. ఆ రాత్రి దొరికిన రెండు బి7లూ పక్క గ్యాంగు డబ్బాలోకి అలాంటి డ్రమ్ములోంచి వచ్చినవే. ఇప్పుడు మా గ్యాంగు రకానికొక గోనెసంచి పెట్టి, గ్రేడు, సైజు, ఏ లైను నుంచి మిగిలిందో రేకు ముక్క మీద కొట్టి సంచి మూతికి తీగతో కడుతుంది. ముద్ర కనిపించని స్టడ్ దొరికితే దాన్ని ఏ సంచిలోనూ వేయం, ఎర్ర రంగు పూసి తుక్కులో పడేస్తాం.