సగం రోజు చైనీస్

పాపకి ఫస్ట్ గ్రేడ్‌లో చైనీస్ ఇమ్మర్షన్ సీటు వచ్చింది. అమెరికాలోని యూటా రాష్ట్రం 2008లో చట్టం చేసి మరీ తెచ్చిన పద్ధతి ఇది. సగం రోజు ఒక టీచరు దగ్గర మాండరిన్, మిగతా సగం ఇంకో టీచరు దగ్గర ఇంగ్లిష్. చిన్న తరగతుల్లో లెక్కలు కూడా చైనీస్‌లోనే!

వారం రోజులు ఒకటే టెన్షన్. ఆ బడికి కారులో 20 నిమిషాలు. వీధి చివర బడికైతే నడిచే పోవచ్చు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే, "దానికి అ ఆలే సరిగ్గా రావు, చైనా భాష ఎందుకే?" అంది. నిజానికి ఆ మాట గుచ్చుకుంది. హోంవర్క్‌లో ఆ అక్షరాలు చూసి నేను మాత్రం ఏం చెప్పగలను?

చివరికి సీటు వదులుకున్నాం. నిన్న పక్కింటి పిల్లతో కలిసి బ్యాగు ఊపుకుంటూ నడిచి వెళ్ళింది. మా ఆయన మాత్రం ఆ సీటు ఈమెయిల్ ఇంకా డిలీట్ చేయలేదు.