ఆ మూల నీళ్లు కదలవు సార్

ఎం.టెక్ ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో ఒక మురుగునీటి శుద్ధి ప్లాంటుకి ఏడాది పాటు తిరిగాను. గాలి ఊదే ట్యాంకుకి కంప్యూటర్ మోడల్ కట్టి, అందులోంచి నైట్రస్ ఆక్సైడ్ ఎంత పోతోందో తేల్చాలి. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచే వాయువు.

వాతావరణ మార్పుపై ఐరాస నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో ఇచ్చిన పద్ధతిలో అయితే ఐదు నిమిషాల పని. లోపలికొచ్చే నైట్రోజన్‌లో 1.6 శాతం అలా పోతుందనుకుని గుణించేయడమే. గాలి ఊది శుద్ధి చేసే ఏ పెద్ద ప్లాంటుకైనా అదే అంకె. మా గైడ్‌కి అది నచ్చలేదు. సరే, ట్యాంకులో బ్యాక్టీరియా మురుగుని ఎలా తింటుందో లెక్కగట్టే 1987 నాటి ఏఎస్ఎం1 మోడల్ తీసుకుని, అందులో లేని నైట్రస్ ఆక్సైడ్ సమీకరణాలు నేనే అతికించాను. ట్యాంకులో నీళ్లన్నీ కలిపిన మజ్జిగలా ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయనుకున్నా. మూడు నెలలు కుస్తీ పట్టాను. అమ్మోనియా సరిపోయేది గానీ, నీటి మీద తేలుతూ గ్యాసు పట్టే మూత (హుడ్) పెట్టి కొలిచిన గ్యాసులో సగం కూడా మోడల్‌లో వచ్చేది కాదు. టెన్షన్‌తో నిద్ర లేదు.

ఒకరోజు ఆపరేటర్ అన్న టీ తాగుతూ అన్నాడు: "ఆ మూల నీళ్లు కదలవు సార్. డిఫ్యూజర్లు మూసుకుపోయి ఏడాదైంది. నురగ చూడండి, పొద్దున ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే." డిఫ్యూజర్లంటే ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలేవి.

నీళ్లు ఎంతసేపట్లో బయటపడతాయో చూడ్డానికి లిథియం క్లోరైడ్ పోసి ట్రేసర్ టెస్ట్ చేశాం. రాత్రంతా పది నిమిషాలకో సీసా. ట్యాంకులోకి తిరిగొచ్చే స్లడ్జ్‌తో (బ్యాక్టీరియా ఉన్న బురదతో) మళ్లీ వచ్చిన లిథియం తీసేసి లెక్కేస్తే, సగటున నాలుగు గంటలుండాల్సిన నీరు మూడు గంటల్లోపే బయటపడుతోంది. అంటే ట్యాంకులో పావు వంతుకు పైగా ఉన్నా లేనట్టే.

మోడల్‌ని నాలుగు ట్యాంకుల వరసగా విడగొట్టి, ఆ మూల కోసం పక్కన నెమ్మదిగా నీళ్లు మార్చుకునే ఐదో ట్యాంకు పెట్టాను. బయటికెళ్లే చోట సెన్సర్ ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములు చూపిస్తుంటే మూలలో 0.5 కూడా లేదు. ఆక్సిజన్ చాలనప్పుడు అమ్మోనియాని తినే బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. నన్ను తికమక పెట్టిన సంగతీ అప్పుడే విడిపోయింది: హుడ్ మూలలో తక్కువ, దాని పక్కన ఎక్కువ చూపించేది. గ్యాసు పుట్టేది మూలలోనే, కానీ బుడగలున్న చోటికి వచ్చాకే పైకి లేస్తోంది.

డిఫ్యూజర్లు మార్చాక మళ్లీ కొలవాలనుకున్నా. వాటి టెండరు కంటే ముందే నా థీసిస్ గడువు వచ్చేసింది. హుడ్ ఇప్పుడు జూనియర్ దగ్గరుంది.