గోడలోంచి రాలిన పలుకులు

బేస్‌మెంట్ గోడకున్న పాత చెక్క ప్యానెళ్లు ఊడదీయగానే లోపల పచ్చటి దూది కనబడింది. "ఫైబర్‌గ్లాసేలే" అని మా ఆయన తేల్చేశారు. రంగు చూసి నిర్ణయించడం నాకు నచ్చదు. చలి, వేడి ఆపడానికి గోడల్లో నింపే ఇన్సులేషన్ ఏదైనా ఏళ్ల దుమ్ము పట్టాక బూడిద రంగుకే తిరుగుతుంది. టార్చి వేసినప్పుడు పోగులు తళుక్కుమంటే గాజు. మెరుపు లేకుండా ఉండలు కట్టి ఉంటే రాతి పోగుల రాక్‌వూల్ కావచ్చు. కాగితం తురుములో అక్కడక్కడా అచ్చు అక్షరాలు కనిపిస్తే సెల్యులోజ్. మాది మెరిసింది. ఆయనే గెలిచారు, ఆ సాయంత్రమంతా అదే మాట!

కాంక్రీటుకు ఆనిన వైపు మాత్రం తడి, నల్లటి బూజు. అది ఎలాగూ తీసి పారేయాల్సిందే.

నాకు టెన్షన్ పెట్టింది రెండో గోడ. అది బోలు కాంక్రీటు బ్లాకులతో కట్టినది. పాత పైపు పోయిన కంతలోంచి తేలికైన పలుకులు రాలి నేల మీద చిన్న కుప్ప పడ్డాయి. కొన్ని బూడిద రంగు, కొన్ని బంగారు రంగు. ఒక్కో పలుకూ హార్మోనియం తిత్తిలా పొరలు పొరలుగా ఉంది. వర్మిక్యులైట్! బ్లాకుల బోలులో దీన్ని పైనుంచి పోసి నింపేవారు.

వర్మిక్యులైట్ ఒక ఖనిజం, దానంతటది ఆస్బెస్టాస్ కాదు. కానీ అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని 1990లో మూతపడే దాకా చాలా ఇళ్లకు సరుకు అక్కడినుంచే వెళ్లింది. ఆ గనిలో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. దాని పోగులు కంటికి ఆనవు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కొన్ని దశాబ్దాల తర్వాత గానీ జబ్బు బయటపడకపోవచ్చు. గుప్పెడు పలుకులు ల్యాబుకు పంపి, ఏమీ లేదని వచ్చినా గోడంతా బాగున్నట్టు కాదు. అందుకే పాత వర్మిక్యులైట్ కనబడితే ఆస్బెస్టాస్ ఉన్నట్టే అనుకోమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది.

మా ఆయన అప్పటికే చీపురు అందుకున్నారు. లాక్కున్నాను. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా పనికిరాదు, సన్నటి పోగులను వెనకనుంచి గదిలోకే ఊదేస్తుంది. తలుపు మూసి, ఆస్బెస్టాస్ పనికి లైసెన్సున్న వాళ్లను పిలిచాం. కుప్ప ఎత్తి, కంత మూసి వెళ్లారు.

ఆ గోడకు ఇక డ్రిల్లు తగలనివ్వను. దాని ముందు విడిగా స్టడ్ ఫ్రేము, అంటే నిలువు బద్దల చట్రం, కింద నేలకూ పైన దూలాలకూ బిగించి కడతారు. గదిలో కాస్త జాగా పోతుందని మా ఆయన గొణుగుతున్నారు. పోనివ్వండి అన్నాను.