గేరు చప్పుడు లేకుండా పడితే ఆ ఆనందమే వేరు

1928 నుంచి 1931 వరకు వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ సెడాన్‌లో అసలు అందం నడపడంలోనే ఉంది. ముందు పెట్రోల్ కుళాయి తెరవాలి. స్టీరింగ్ ఎడమ పక్కనున్న స్పార్క్ లివర్‌ని (ఇంజిన్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో మార్చేది) పూర్తిగా పైకి నెట్టాలి, ఇంజిన్ అందుకున్నాక కిందికి లాగాలి. కిందే ఉంచి స్టార్ట్ చేస్తే పిస్టన్ పైకి చేరకముందే మంట పడి ఇంజిన్ వెనక్కి తంతుంది.

గేర్లు మూడే, గేరు పళ్ల వేగాన్ని దానంతటదే కలిపే సింక్రోమెష్ లేదు. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి వదలాలి, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వాలి, మళ్లీ తొక్కి రెండో గేరు వేయాలి. పళ్ల వేగం కలిస్తే లివర్ చడీచప్పుడూ లేకుండా జారుతుంది, కలవకపోతే కరకరమంటుంది. ఆ జారడం అరచేతికి ఒక్కసారి తెలిసిందంటే ఈ బండి మీద మోజు ఇక పోదు.

స్టార్టర్ నీరసంగా తిరిగితే వెంటనే బ్యాటరీ మార్చేయకండి. ఇది 6 వోల్టుల బండి, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసే బండి ఛాసిస్‌కి కలుస్తుంది. అదే పనికి 12 వోల్టుల బండి కన్నా రెట్టింపు కరెంటు లాగుతుంది. సన్న కేబుల్ వేస్తే వోల్టేజి దారిలోనే పోతుంది. లావుపాటి కేబుల్ వేసి, ఎర్త్ కలిసేచోట రంగు గీకి బిగించండి.

బ్రేకులు రాడ్లతో పనిచేస్తాయి. నాలుగు చక్రాలూ సమంగా పట్టేలా సర్దకపోతే బండి ఒకవైపు లాగేస్తుంది.