ఒహాయోలో ఒక నీటికుక్కని జనంలోకి తీసుకెళ్లిన పని

అమెరికాలో యూనివర్సిటీ ఆటలంటే జనానికి ఎంత పిచ్చో ఇక్కడ చదువుకున్న మనవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ ఆటల్ని నడిపే అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే తెలుగువాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. నేను ఒహాయోలో ఒక మామూలు యూనివర్సిటీలో ఆ డిపార్ట్‌మెంట్‌కి గ్రాఫిక్ డిజైనర్‌ని. మాస్టర్స్ అయ్యాక ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి మీద చేరాను, తర్వాత వాళ్లే హెచ్1బీ వర్క్ వీసాకి వేశారు. యూనివర్సిటీ ఉద్యోగాలకి ఆ వీసా లాటరీ గొడవ ఉండదు, ఏడాదిలో ఎప్పుడైనా వేసుకోవచ్చు. డిజైన్ చదివే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి ముందే చెప్తున్నా.

చేరిన కొన్నాళ్లకే మీద పడిన పెద్ద పని కొత్త మస్కట్, అంటే టీమ్‌కి గుర్తుగా ఉండే బొమ్మ, ఆటల్లో వేషం కట్టి తిప్పేది. మా టీమ్‌లకి ఒకప్పుడు నేటివ్ అమెరికన్ యోధుడి బొమ్మ ఉండేది. అలాంటి బొమ్మలు, పేర్లు తమ ఛాంపియన్‌షిప్ పోటీల్లో కనిపించకూడదని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2005లో ప్రకటించి 2006 ఫిబ్రవరి నుంచి అమలు చేసింది. ఆ తెగవాళ్లే ఒప్పుకుంటే మినహాయింపు ఇచ్చారు, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ టీమ్‌లకి సెమినోల్ తెగ మద్దతు వల్లే ఆ తెగ పేరు నిలిచింది. మా రాష్ట్రంలోనే ఉన్న మయామీ యూనివర్సిటీ అంతకు ముందే, మయామీ తెగ 1996లో తమ మద్దతు వెనక్కి తీసుకోవడంతో, మరుసటి ఏడాది తన టీమ్‌ల పేరు రెడ్‌హాక్స్‌గా మార్చుకుంది. మావాళ్లు పాత బొమ్మ తీసేసి, కొత్తది పెట్టే ధైర్యం చేయలేక, ఏళ్ల తరబడి ఒక్క ఇంగ్లిష్ అక్షరంతో నెట్టుకొచ్చారు. నార్త్ డకోటా యూనివర్సిటీ కూడా అంతే, 2012లో పాత పేరు వదిలేసి, 2015లో గానీ ఓటు పెట్టి ఫైటింగ్ హాక్స్ అని తేల్చుకోలేదు.

పాత బొమ్మ తీసేయడం న్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఒక జాతి మనుషుల ముఖాన్ని టోపీల మీద అచ్చేసి అమ్ముకోవడం ఏ రకంగానూ సమర్థించుకోలేం. కానీ ఆ బొమ్మని చూస్తూ పెరిగినవాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. పూర్వ విద్యార్థులతో పెట్టిన మీటింగ్‌లో ఒక పెద్దాయన, ఎప్పుడో ఫుట్‌బాల్ ఆడినాయన, చొక్కా చేయి పైకి మడిచి జబ్బ మీద వెలిసిపోయిన పచ్చబొట్టు చూపించి, "దీన్నేం చేయమంటావమ్మా?" అని అడిగాడు. కోపంగా అడిగినట్టు లేదు. తీసేయమని ఎవరూ అనడం లేదండీ, మీ మనవరాలు వేసుకునే టీషర్ట్ మీద ఏం ఉంటే బాగుంటుందో చెప్పండి, అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. నేను ఈ ఊళ్లో పుట్టినదాన్ని కాదు, ఏ పక్షమూ కాదు, పాత గొడవల్లో నా మాట ఎక్కడా లేదు, అందుకే రెండు వైపులవాళ్లూ నా దగ్గర మనసు విప్పేవారు. పరాయి దేశంలో పరాయితనం పనికొచ్చిన సందర్భం నాకు ఇదే.

ఈ మీటింగ్‌లు దండగ అనుకునేవాళ్లు మా ఆఫీసులో కూడా ఉన్నారు. వాళ్లకి నేను పర్డ్యూ యూనివర్సిటీ సంగతి చెప్పేదాన్ని. 2011లో వాళ్ల మస్కట్ పర్డ్యూ పీట్‌కి కొత్త రూపం చేసి తెచ్చి చూపిస్తే జనం అక్కడికక్కడే ఛీకొట్టారు, కొద్ది రోజుల్లోనే దాన్ని పక్కన పడేసి పాత పీట్‌నే మళ్లీ తెచ్చుకున్నారు. సర్‌ప్రైజ్ అన్నది సినిమా ట్రైలర్‌కి బాగుంటుందేమో గానీ మస్కట్‌కి పనికిరాదు.

చివరికి ఎంచుకున్నది ఆటర్, అంటే నీటికుక్క. ఒహాయో నదుల్లో ఇవి 20వ శతాబ్దం మొదట్లోనే కనిపించకుండా పోయాయి. 1986 నుంచి 1993 దాకా ఆర్కన్సా, లూసియానాల నుంచి 123 నీటికుక్కల్ని తెచ్చి ఇక్కడి నదుల్లో వదిలారు. అవి నిలదొక్కుకుని రాష్ట్రమంతా పాకాయి. ఈ కథ చెప్పగానే కమిటీలో బయాలజీ విద్యార్థి ఒకమ్మాయి బల్ల చరిచింది. వేరే చోటి నుంచి వచ్చి ఇక్కడి నీళ్లలో కుదురుకున్న జంతువంటే నాకెందుకు అంత మనసైందో వేరే చెప్పక్కర్లేదు కదా.

అసలు తగువు ముఖం దగ్గర. కోచ్‌లకి పళ్లు కనపడాలి, కనుబొమలు ముడిపడాలి. స్కూలు పిల్లలకి స్కెచ్‌లు చూపిస్తే ఆ కోపం ముఖాన్ని చూసి ఇద్దరు వెనక్కి జరిగారు. సిన్సినాటీలో జేవియర్ యూనివర్సిటీకి మస్కటీర్ మస్కట్ ఉండగానే, ఆ మీసాల కత్తివీరుణ్ణి చూసి చిన్నపిల్లలు భయపడుతున్నారని 1985లో బ్లూ బ్లాబ్ అని ఒక నీలం బొచ్చు ముద్దని పుట్టించారు, అది ఇప్పటికీ ఉంది. ఆ ఉదాహరణే మా తగువు తీర్చింది. హెల్మెట్ మీద లోగోలో కాస్త కోపం, గ్రౌండ్‌లో తిరిగే వేషంలో నవ్వు ముఖం. రెండింటికీ రంగులు, చెవుల ఆకారం మాత్రం ఒక్కటే.

కంప్యూటర్‌లో బాగున్న బొమ్మ మనిషి ఒంటి మీదకి వచ్చేసరికి లెక్కలన్నీ మారిపోతాయి. తల ఫోమ్‌తో చేస్తారు, లోపల హెల్మెట్‌లాంటి పట్టీ, పైన చిన్న ఫ్యాన్. వేసుకున్నవాళ్లు చూసేది కళ్లలోంచి కాదు, నోట్లో ఉన్న నల్లటి నెట్ గుడ్డలోంచి. ట్రయల్‌కి నేనూ ఆ తల పెట్టుకుని చూశాను. ఎదురుగా ఉన్న మనిషి ఛాతీ కనిపిస్తుంది, కాళ్ల దగ్గర నిలబడ్డ పిల్లాడు అస్సలు కనపడడు. అందుకే పక్కన ఎప్పుడూ ఒక తోడు మనిషి ఉండాల్సిందే. నల్లగుడ్లని ముక్కు వైపు కొంచెం జరిపించాను, అప్పుడే అది మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది, లేకపోతే శూన్యంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. తోక పొడుగ్గా, లావుగా గీశాను కదా, దాంతో స్టేడియం మెట్లెక్కడం కుదరదు, పిల్లలు పట్టుకుని లాగితే మనిషి వెనక్కి పడతాడు. అందుకని పొట్టి చేసి నడుముకి గట్టి బెల్టుతో కట్టించాం. అందం కోసం కొంచెం పోరాడాను గానీ, లోపలి మనిషి క్షేమం ముందు తోక అందం ఎంత!

ఆ లోపలి మనిషి గురించే అందరూ తక్కువ మాట్లాడతారు. మా దగ్గర విద్యార్థులే వేస్తారు, ఎవరో బయటికి చెప్పరు, వేషంలో ఉండగా నోరు విప్పరు. ఎండ రోజుల్లో ఐస్ ప్యాకులు పెట్టిన కోటు వేసుకుని కాసేపు తిరగడం, లోపలికొచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లడం. ఎంపిక కూడా ఆషామాషీగా చేయరు. 2010లో ఒహాయో యూనివర్సిటీ బాబ్‌క్యాట్ వేషం వేసుకున్న కుర్రాడు ఒహాయో స్టేట్ మస్కట్ బ్రూటస్ మీదకి దూకి కింద పడేశాడు, ఆ పని కోసమే మస్కట్‌గా చేరానని తర్వాత తనే చెప్పాడు. మాకు దొరికిన విద్యార్థి నడక చూసి నేను నా డ్రాయింగ్ మార్చుకున్నాను. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, పక్కకి ఊగుతూ నడిచేది. పోస్టర్ల మీద నీటికుక్క ఇప్పుడు అలాగే నిలబడుతుంది.

ప్రచారానికి మార్కెటింగ్ వాళ్లు పెద్ద వీడియో, లైట్లు, పొగ అన్నారు. ముందు స్కూళ్లకీ, పిల్లల ఆసుపత్రి వార్డుకీ, లైబ్రరీకీ తీసుకెళ్దామని నేను పట్టుబట్టాను, మా డైరెక్టర్ ఒప్పుకున్నారు. పేరు పెట్టే పని కూడా పిల్లలకే ఇచ్చాం. వాళ్లు పంపిన పేర్లలోంచి ట్రేడ్‌మార్క్ చిక్కుల్లేనివి లాయర్లు ముందే ఏరితే, వాటి మీద మాత్రమే ఓటు పెట్టాం, గెలిచాక పేరు మార్చాల్సి వస్తే పిల్లల దగ్గర పరువుండదు. ఆన్‌లైన్‌లో మొదట్లో తిట్లు బాగానే పడ్డాయి. ఫిలడెల్ఫియా హాకీ టీమ్ 2018లో గ్రిట్టీ అనే మస్కట్‌ని తెచ్చినప్పుడు మొదటి రోజు ఎంత ఎగతాళి చేశారో, తర్వాత ఎంత నెత్తికెత్తుకున్నారో నాకు తెలుసు కాబట్టి టెన్షన్ పడలేదు. మా వైపు నుంచి ఎవ్వరికీ ఎదురు జవాబు ఇవ్వలేదు, రోజూ ఒక ఫోటో పెట్టాం.

మొదటి ఆటకి పచ్చబొట్టు పెద్దాయన మనవరాలితో వచ్చాడు. ఆయన పాత టోపీయే పెట్టుకున్నాడు, పాప కొత్త టీషర్ట్ వేసుకుంది, ఇద్దరూ నీటికుక్కతో ఫోటో దిగారు. ఇప్పుడు పుట్టినరోజు పార్టీలకీ, ఫండ్ రైజర్లకీ పిలుపులు ఎక్కువై ఒక్క వేషం సరిపోవడం లేదు. రెండో తలకి బడ్జెట్ అడిగాం, ఈసారి నోట్లో నెట్ గుడ్డని ఇంకాస్త కిందికి దించమని తయారీవాళ్లకి రాశాను, కాళ్ల దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా కనపడాలని.